అరవై అడుగుల జాగా

"గంజి పెట్టినంక మధ్యల ఆపరాదు సారూ," అంది శారదమ్మ, చేతిలోని కుంచె ఆపకుండానే. "ఇంకొక్క గంట. పడుగు ఆరంగనే మేమే చుట్టుకొని పోతం."

"గంటనా?" భిక్షపతి గేటు వైపు చూశాడు. "వాడు పది నిమిషాలు కూడ ఆగనంటున్నడమ్మా."

గేటు బయట నీళ్ళ ట్యాంకరు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. దాని వెనక ఎవరిదో కారు హారన్ కొట్టి కొట్టి ఊరుకుంది.

భిక్షపతి ఆ అపార్ట్‌మెంటుకు సెక్రటరీ. రాత్రి బోరు ఎండిపోయి, పంపు నీళ్ళకు బదులు గాలి తోడటం మొదలైనప్పటి నుంచి ఆయన కన్ను మూసినట్టు లేదు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు. శారదమ్మ కోడలు రోజారమణి కంటికి ముందు అదే కనపడింది. చెబుదామనుకుంది. చెప్పే సమయం కాదు.

అత్త ఒక వైపు, కోడలు మరో వైపు. మధ్యలో పడుగు, మగ్గం ఎక్కించబోయే నిలువు పోగులు. గేటు స్తంభం నుంచి వెనక గోడ కిటికీ ఊచల దాకా, కార్లు లోపలికి పోయే దారంతా అదే. నాలుగడుగుల వెడల్పు, యాభై నాలుగు అడుగుల పొడవు. మూడు చీరల నూలు. ఎరుపు మీద తెల్లటి పూలు, పూల చుట్టూ నల్ల గళ్ళు.

నేత ఇంకా మొదలే కాలేదు. పూలు మాత్రం అప్పటికే పోగుల మీద ఉన్నాయి. సైకిల్ ట్యూబు ముక్కలతో ఒక్కో పువ్వు అంచునూ బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ ముంచి, రోజారమణి ఇరవై రెండు రోజులు కూర్చుంటే వచ్చిన పూలు అవి. గంజి తడి ఆరకముందే పడుగు వదులైతే పోగుకు పోగు అంటుకుంటుంది. ఒక్క పోగు అటుఇటు జరిగితే పువ్వు అంచు చెదురుతుంది. ఇక అది పువ్వు కాదు, మరక.

"ఇంతకుముందు ఊరికి తీస్కపోయేటోళ్ళు గదా?" అన్నాడు భిక్షపతి. "పోచంపల్లికి?"

"మా వాడకట్టుల చావైంది సార్," అంది రోజారమణి. "పదకొండు దినాలు అయ్యేదాక ఆ గల్లీల పడుగు చాపరు."

"అయితే నన్నొక మాట అడగొద్దా?"

నిజమే, అడగలేదు. రోజారమణికి అడగాలన్న ఊహే రాలేదు.

పోచంపల్లిలో పడుగు చాపడానికి ఎవరినీ అడగరు. తెల్లవారుజామున రెండు గుంజలు పాతి పడుగు కట్టారంటే ఆ వీధి అప్పటికి వాళ్ళది. బర్రెలు తోలుకుపోయేవాళ్ళు పక్క గల్లీలోకి తిప్పుకుంటారు. మోటారు సైకిలు మీద వచ్చేవాడు దిగి తోసుకుంటూ పోతాడు. దారిన పోయేవాళ్ళు ఆగి, చేతిసంచి గోడకు ఆనించి, నాలుగు కుంచె దెబ్బలు వేసి పోతారు. ఎవరి పడుగు అని చూడరు. రేపు తమ పడుగుకూ ఎవరో ఒకరు వస్తారు.

అదే అలవాటుతో ఈ ఉదయం ఏడింటికి, ఆదివారం, అందరూ పొద్దెక్కేదాకా లేవరని, అత్తా కోడలూ పడుగును కిందికి తెచ్చారు. ఈ నగరంలో తమకు తెలిసిన చోట్లలో అరవై అడుగులు అడ్డం లేకుండా ఉన్న జాగా ఇదొక్కటే. పైన మిద్దె మీద నీళ్ళ ట్యాంకులు, డిష్ గొడుగులు. కింద సెల్లారులో పదడుగులకొక స్తంభం. మూడేళ్ళుగా ఉంటున్న నగరం ఇంత పెద్దది కదా, దీనిలో మూడు చీరల పొడవు ఖాళీ లేదా అని రోజారమణి నిన్న రాత్రి ఆశ్చర్యపోయింది.

"మీ ఆయనకు ఫోన్ చేస్తున్న," అన్నాడు భిక్షపతి. "నా మాట మీరు ఇంటలేరు."

శారదమ్మ కుంచె ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

ఆయన ఫోను స్పీకరులో పెట్టాడు, చేయి ఖాళీ కావాలని. అవతల దుకాణం సందడి. కృష్ణకాంత్ చీరల షోరూములో సేల్స్‌మన్. ఇరవై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్నవాడు ఇప్పుడు పొద్దంతా ఇతరులు నేసిన మడతలు విప్పి చూపిస్తున్నాడు.

"కృష్ణకాంత్, మీ ఇంటోళ్ళు దారంత బంద్ చేసిండ్రయ్యా. నీళ్ళ బండి లోపటికి వచ్చేటట్టు లేదు."

"పడుగా సార్?"

"ఏమో, దారాలు."

"గంజి పెట్టిండ్రా?"

"ఏం పెట్టిండ్రో నాకేం తెలుసు. నలభై ఎనిమిది ఇండ్లల్ల చుక్క నీళ్ళు లేవు, నువ్వు గంజి అడుగుతున్నవ్."

తర్వాత కృష్ణకాంత్ గొంతు, ఎవరితోనో ముందే తేల్చుకున్న మాట చెబుతున్నట్టు వచ్చింది. "ఇరవై నిమిషాల్ల వస్త సార్. ట్రాలీ ఆటో తీస్కొని వస్త. మగ్గం ఊడదీసి ఇయ్యాల్నే ఊరికి పంపిస్త. ఇంక మీకు ఆ లొల్లి ఉండది."

ఫోను ఆగిపోయింది.

రోజారమణి అత్త వైపు చూసింది. శారదమ్మ పడుగు వైపే చూస్తోంది. పోయిన వారం అన్నం ముందు కృష్ణకాంత్ అన్న మాట ఇద్దరికీ గుర్తుంది. 'ఈ పడుగు మగ్గమెక్కితే మగ్గం ఉంటది. ఈ అపార్ట్‌మెంటుల ఒక్కరు మాటన్నా, ఆ దినమే మగ్గం పోతది.' మగ్గం చప్పుడుకు పై ఇంటివాళ్ళు రెండుసార్లు తలుపు కొట్టిన తర్వాత అన్న మాట అది. రోజారమణి సరే అంది. అనకపోతే ఆ రాత్రే మగ్గం పోయేది.

ఆ ఒక్క మాట వచ్చేసింది. పడుగు ఇంకా తడి.

*

లిఫ్టు తలుపు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. బకెట్లతో దిగుతున్నారు. ప్లాస్టిక్ బకెట్లు, స్టీలు బిందెలు, ఒకరి చేతిలో పిల్లల స్నానాల తొట్టి. మెట్ల దగ్గర గుంపు పెరుగుతోంది.

రోజారమణి కుంచె దువ్వుతూనే వాళ్ళను చూసింది. మూడేళ్ళలో వీళ్ళందరినీ ఆమె తలుపుల ముందున్న చెప్పులతో గుర్తు పెట్టుకుంది. రెండో అంతస్తులో వంకాయ రంగు చెప్పులు, ఎప్పుడూ ఒకటి బోర్లా. మూడులో తెల్ల బూట్లు, రాత్రి మాయమై పొద్దున తిరిగొచ్చేవి. ఇప్పుడు ఆ చెప్పుల్లో మనుషులు నిలబడి ఉన్నారు. ఇంతమందా, అనిపించింది. పైన, పక్కన, తల మీద, ఇంతమంది ఇన్ని రోజులు నిద్రపోయి లేస్తున్నారా.

"దారాలే కదండీ," అన్నాడు కుక్కను పట్టుకున్న ఒకాయన. "కట్ చేసి పక్కన పెట్టేస్తే సరి."

గుంపులో రెండు మూడు తలలు ఊగాయి.

తెల్ల బూట్ల అమ్మాయి ముందుకు వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆంటీ, నైట్ డ్యూటీ చేసొచ్చిన. మొఖం కడుక్కోనీకి నీళ్ళు లేవు. జర తీయుండ్రి ఆంటీ."

ముప్పై నాలుగేళ్ళ రోజారమణికి ఆంటీ అన్న మాట ఇంత కష్టంలోనూ గుచ్చుకుంది. "నీ పేరేంది చెల్లె?" అని అడిగింది.

"ప్రవళిక. త్రీ నాట్ ఫోర్."

"ఏ ఊరు?"

"జడ్చర్ల."

"ఇది ఇప్పుడు తీస్తే మొత్తం పోతది ప్రవళికా. ఇరవై రెండు రోజుల పని. నీళ్ళు రావద్దని నేను అంటలేను. నాకూ ఇంట్ల నీళ్ళు లేవు."

ప్రవళిక పడుగు మీదికి వంగింది. చేత్తో ముట్టుకోబోయి, శారదమ్మ చూపు పడి, వెనక్కి తీసుకుంది.

"ఇది ప్రింటు కాదా?"

"కాదు."

"మరి పువ్వు ఎట్ల వచ్చింది? ఇంకా బట్టనే కాలే గదా."

రోజారమణి ఏదో చెప్పబోయింది. ఈలోగా గేటు దగ్గర నుంచి ట్యాంకరు డ్రైవరు లోపలికి వచ్చాడు. సన్నటి మనిషి, మెడకు తువ్వాల. అరవడానికే వచ్చాడు. పడుగు కనపడగానే అడుగు ఆగింది. కింద నుంచి దూరి రాలేదు. గోడకు ఒరుసుకుంటూ, చొక్కాకు సున్నం అంటించుకుంటూ, పక్క నుంచి వచ్చాడు.

శారదమ్మ అది చూసింది.

"పడుగు తెలుసా బిడ్డా నీకు?"

"తెలుసవ్వా. మాది దేవరకొండ దిక్కు. మా మేనత్తోళ్ళ ఇల్లు మగ్గాలు నేసే సాలోళ్ళ వాడకట్టు పక్కనే. చిన్నప్పుడు పడుగు కింద నుంచి ఉరికితే కుంచెతోని వీపు మీద ఒక్కటిచ్చిండ్రు. గా మంట ఇంకా యాదికున్నది."

గుంపులో ఎవరో నవ్వారు. శారదమ్మ నవ్వలేదు కానీ ముఖం కొంచెం వదులైంది.

"పేరేంది?"

"సైదులు."

"సైదులూ, గేటు కాడ్నే ఉండి పైపు ఎయ్యరాదా?"

"పైపు ఇరవై అడుగులే అవ్వా. సంపేమో కొసకు పెట్టిండ్రు. ఎవ్వడు కట్టిండో ఏమో, బండి లోపటికి రానిది నీళ్ళు అందవు."

"ఎక్కడి నీళ్ళు ఇవి?"

"అవుతల పొలాలల్ల బోర్లు. ముప్పై కిలోమీటర్లు. పోయినేడు దాక ఆడ వరి ఏసేటోళ్ళు. మా ఊళ్ళె మా బోరు ఎండితే బతుకనీకి నేనిటొచ్చిన. వచ్చి మళ్ళ నీళ్ళే మోస్తున్న." అతను తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "గని అవ్వా, నేను ఆగలేను. ఇంకో నాలుగు అపార్ట్‌మెంట్లు నా కోసం చూస్తున్నయి. ఈడ ఇడువకపోతే వాళ్ళకు ఇడుస్త. మళ్ళ మీకు వచ్చుడు రేపే."

"రేపా?" అన్నాడు భిక్షపతి. "రెండో అంతస్తుల బాలింత ఉన్నదమ్మా. నాలుగో అంతస్తుల ఒకాయన దవాఖాన నుంచి నిన్ననే వచ్చిండు. వాళ్ళకు నేనేం చెప్పాలె?"

అది కోపంతో అన్న మాట కాదు. అందుకే రోజారమణికి ఎక్కువ తగిలింది. ఆమె చేతిలో కుంచె బరువైంది. ఇరవై రెండు రోజుల పువ్వులు ఒక పక్క, బాలింత ఒక పక్క. దీనిలో తప్పు ఎవరిదో తేల్చడానికి లేదు. తేల్చినా పడుగు ఆరదు, నీళ్ళు రావు.

"అత్తమ్మా," అంది మెల్లగా. "తీసేద్దామా?"

శారదమ్మ కుంచెను గంజి గిన్నె మీద అడ్డంగా పెట్టింది. ఉదయం నుంచి ఆమె దాన్ని కింద పెట్టడం అదే మొదటిసారి. పడుగును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. తర్వాత మెట్ల దగ్గరి గుంపును అలాగే, ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"తీద్దాం," అంది. "కిందికి కాదు. లేపి నడిపిద్దాం."

*

పడుగులో పోగులు కలవకుండా ఎనిమిది చోట్ల వెదురు కర్రలు దూర్చి ఉన్నాయి. ఒక్కో కర్రకు అటొకరు, ఇటొకరు. పదహారు మంది. రెండు కొసల్లో మోటు కర్రలు పట్టి లాగి ఉంచడానికి ఇద్దరేసి. ఇరవై మంది.

"ఊళ్ళ శవం లేసిందంటె గల్లీ ఖాళీ చెయ్యాలె గదా," అంది శారదమ్మ. "గప్పుడు పడుగు తడిగుంటె గిట్లనే లేపి పక్క గల్లీలకు నడిపిస్తం. నేను నాలుగుసార్లు చూసిన. రెండుసార్లు పట్టిన."

"అవి నేర్చిన చేతులు అత్తమ్మా," అంది రోజారమణి. "వీళ్ళు..."

"చేతులైతే ఉన్నయి గదా."

సైదులు అందరికంటే ముందు వచ్చి గేటు వైపు కొస కర్ర పట్టుకున్నాడు. "బండిని గేటుకు అటు పక్కకు జరిపి ఇంజను బంద్ చేసొచ్చిన అవ్వా. ఇరవై మందిని జల్ది జమ చెయ్యి."

భిక్షపతి వెనక కొసకు వెళ్ళాడు. ఎందుకు వెళ్తున్నాడో ఆయనకే తెలియనట్టు వెళ్ళాడు. ప్రవళిక బకెట్టు పక్కన పెట్టి మూడో కర్ర దగ్గర నిలబడింది. ఆ తర్వాత కొంతసేపు ఎవరూ కదలలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"వాట్సాప్‌ల పెట్టమంటారా అంకుల్?" అన్నదెవరో.

"ఈడ నిలవడ్డోళ్ళకు ఈడ్నుంచే వాట్సాప్ ఎందుకమ్మా," అన్నాడు సైదులు.

ఈసారి చాలామంది నవ్వారు. నవ్విన తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. వంకాయ రంగు చెప్పులామె వచ్చింది. కుక్కాయన కుక్కను గేటు ఊచకు కట్టి వచ్చాడు.

"నువ్వెవరు?" అని అడిగింది శారదమ్మ ఒక్కొక్కరినీ.

"టూ నాట్ వన్."

"నంబరు నేనేం చేసుకోను. పిలవాలె గదా. పేరు చెప్పు."

"సుమన."

"సుమనా, నువ్వు ఎడమ దిక్కు. రెండు చేతులు. గుంజొద్దు, వదలొద్దు. పసిపిల్లను ఎత్తుకున్నట్టు."

గేటు వైపు ముడి తేలిగ్గానే వచ్చింది. వెనక కొస ముడి గంజికి ఉబ్బి బిగుసుకుపోయింది. రోజారమణి గోళ్ళతో లాగింది. రాలేదు.

"కోసెయ్," అంది శారదమ్మ.

"మళ్ళ కట్టనీకి తాడు చాలది అత్తమ్మా."

"ఇప్పటి సంగతి చూడు."

పూల కట్లు విప్పే చిన్న కత్తి రొంటినే ఉంది. రోజారమణి తాడు కోసింది. పడుగు బరువంతా ఒక్కసారిగా భిక్షపతి చేతుల్లోకి వచ్చింది. ఆయన ముందుకు తూలి నిలదొక్కుకున్నాడు.

"ఇంత బరువుంటదా?" అన్నాడు.

"నీళ్ళు తాగింది గదా," అంది శారదమ్మ. "అడుగు నేను చెప్తే వెయ్యాలె. ఎవ్వరు ముందు పడొద్దు. ఒకటి."

ఇరవై మంది ఒక అడుగు వేశారు.

"రెండు."

పడుగు కదిలింది. రోజారమణి దాని పక్కనే నడుస్తోంది, కళ్ళు పోగుల మీదే. మొదటి పువ్వు వరస చెదరలేదు. రెండోది చెదరలేదు. మూడో కర్ర దగ్గర ప్రవళిక పెదవులు కొరుక్కుంటూ, తెల్ల బూట్లు ఎక్కడ పడుతున్నాయో చూడకుండా, నడుస్తోంది. ఆమె ఎదురుగా కర్ర పట్టిన ముసలాయన లుంగీ జారుతుంటే ఒక చేయి వదలబోయాడు.

"వదలకు తాతా," అంది ప్రవళిక.

"ఎట్లమ్మా, జారుతుంటే."

రోజారమణి తన కొంగు పిన్ను తీసి ఆయన లుంగీకి పెట్టింది. ఆయన కృతజ్ఞతగా తల వంచాడు. మూడేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య జరిగిన మొదటి పరిచయం అది.

గేటు దగ్గర ఆగారు. అసలు గండం అక్కడుంది. లోపలి దారి నేరుగా ఉంది, వీధి అడ్డంగా ఉంది. మూల తిప్పాలి. పరిచినట్టు పట్టుకొని తిప్పితే లోపలి అంచు వదులైపోతుంది.

"గోడ లెక్క నిలవెట్టుండ్రి," అంది శారదమ్మ. "ఎడమ దిక్కోళ్ళు పైకి లేపుండ్రి. కుడి దిక్కోళ్ళు వంగుండ్రి. మెల్లగ. మెల్లగ."

పడుగు నిలువుగా లేచింది. గాలిలో ఒక ఎర్రటి గోడ. తెల్లటి పూలు మోకాలి ఎత్తు నుంచి తల ఎత్తు దాకా వరసలు వరసలుగా నిలబడ్డాయి. ఈ పూలను రోజారమణి ఇరవై రెండు రోజులు చూసింది, ఒడిలో పెట్టుకొని, ఒక్కోసారి రెండంగుళాలు. అన్నీ కలిసి ఒక్కచోట నిలబడటం ఇప్పుడే చూడటం. తన చేతులే చేశాయా ఇదంతా, అనిపించింది.

"సుమనా, పైకి. తాతా, నువ్వు వంగకు, నీ పక్కాయన వంగుతడు. సైదులూ, తిప్పు."

గోడ వంగింది. గేటు స్తంభం చుట్టూ నీళ్ళు పారినట్టు మలుపు తిరిగింది. ఒక్కో కర్రా మూల దాటుతుంటే శారదమ్మ ఆ కర్ర పట్టినవాళ్ళ పేర్లు పిలిచింది. ఇరవై పేర్లు. ఒక్కటి కూడా తప్పలేదు.

*

వీధిలో ఎండ ఉంది. లోపలి దారి రెండు అపార్ట్‌మెంట్ల నడుమ మధ్యాహ్నం పన్నెండుకు తప్ప ఎండ చూడదు. ఇక్కడ పడుగు మళ్ళీ చాపలా పరుచుకొని ఎండలోకి రాగానే దాని మీది నుంచి సన్నటి ఆవిరి లేచింది.

అటు నుంచి వచ్చే స్కూటర్లు ఆగాయి. ఒక కారు వెనక్కి తిప్పుకుంది. తిట్టడానికి అద్దం దించినవాడు కాసేపు చూసి అద్దం దించే ఉంచాడు. భోజనాల సంచి వీపున వేసుకున్న డెలివరీ అతను బండి దిగి హెల్మెట్ తీశాడు.

శారదమ్మ కుంచె అందుకుంది. రోజారమణి ఎదురు నిలిచింది. ఇద్దరి కుంచెలూ ఒక లయలో పోయి వచ్చాయి. కొంతసేపు ఆ వీధిలో అదొక్కటే చప్పుడు.

ముందు కొసను కాలనీ బోర్డు స్తంభానికి కట్టారు. దానికి పాత తాడు సరిపోయింది. సైదులు చేతులు దులుపుకొని ట్యాంకరు ఎక్కాడు. బండి వెనక్కి తిరిగి మెల్లగా గేటులో దూరింది. కొద్దిసేపటికి లోపల సంపులో నీళ్ళు పడుతున్న మోత వినిపించింది. కర్రలు పట్టుకున్నవాళ్ళందరూ ఆ మోత వైపు తలలు తిప్పారు. ఎవరూ చేతులు మాత్రం వదలలేదు.

వెనక కొస భిక్షపతి చేతుల్లోనే ఉంది. ఆయన పక్కనున్న కుక్కాయన రెండుసార్లు చేయి మార్చుకున్నాడు. కొస తాడు కోసిందే. ఎదుటి కరెంటు స్తంభం పది అడుగుల దూరంలో ఉంది. తాడు రెండడుగులుంది.

"ఎవరింట్లనన్న తాడున్నదా?" అని అడిగింది రోజారమణి.

"బట్టలారేసే వైరు ఉంది, కానీ గోడకు బిగించేశారు."

"ఫోన్ చార్జర్ వైరు..."

"నలభై ఎనిమిది ఇండ్లల్ల ఒక తాడు లేదా?" అంది శారదమ్మ. దెప్పడానికి కాదు. నిజంగానే నమ్మలేక. బావి లేదు, బర్రె లేదు, మంచం అల్లేది లేదు. తాడు ఎందుకుంటుంది. అన్ని అంతస్తులు, అన్ని వెలుగులు, అన్ని తలుపులు ఉన్న ఇంట్లో పదడుగుల తాడు లేదు.

భిక్షపతి చేతులు వణకడం మొదలైంది. ఆ వణుకు కర్ర మీదుగా పడుగులోకి వచ్చింది. చివరి వరస పూలు అదిరాయి.

"ఇంకెంతసేపమ్మా?"

"పావు గంట సార్. ఎండకు జల్దిన్నే ఆరుతాంది."

"పావు గంట," అన్నాడాయన. పళ్ళు బిగించాడు. తప్పు గుండీల చొక్కా చెమటకు వీపుకు అంటుకుంది. రోజారమణికి కుంచె వదిలి వెళ్ళి పట్టుకోవాలని ఉంది. వదిలితే మధ్యలో గంజి గట్టిపడుతుంది.

అప్పుడు వీధి మూల నుంచి ట్రాలీ ఆటో వచ్చింది. పడుగు అడ్డం ఉండటం చూసి ఆగింది. ముందు సీట్లోంచి కృష్ణకాంత్ దిగాడు. షోరూము చొక్కా, జేబు మీద పేరు బిళ్ళ. భుజం మీద కొత్త తాడు చుట్ట, పసుపు రంగుది. కొట్టువాడు అంటించిన చీటీ ఇంకా దానికే వేలాడుతోంది.

ఆటో అతను దిగి వెనక రేకు దించాడు. ఇనుప చప్పుడు వీధంతా వినిపించింది.

శారదమ్మ కుంచె ఆగలేదు. రోజారమణి కుంచె కూడా ఆగలేదు.

కృష్ణకాంత్ స్తంభం దగ్గర నుంచి మొదలుపెట్టి పడుగు పొడవునా చూపు పోనిచ్చాడు. వెదురు కర్రలు, వాటికి అటూ ఇటూ చేతులు, ఆ చేతుల మీద ముఖాలు. పిన్ను పెట్టిన లుంగీ. తెల్ల బూట్లు. అతని కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా రుద్దుకుంటోంది. తడి ఎంతుందో చూసే నేతగాడి వేళ్ళు. అవి కదులుతున్నట్టు అతనికి తెలియదు.

"గంజి పెట్టి ఎంతసేపైంది?" అన్నాడు చివరికి.

"రెండు గంటలు," అంది రోజారమణి.

"లోపటి నుంచి మూల తిప్పిండ్రా దీన్ని?"

"తిప్పినం."

"ఎవరు పట్టిండ్రు?"

ఆమె చేయి చాపలేదు. చేతిలో కుంచె ఉంది. "వీళ్ళే," అంది.

కృష్ణకాంత్ వాళ్ళ వైపు చూశాడు. మగ్గం చప్పుడుకు తలుపు కొట్టిన పై ఇంటాయన రెండో కర్ర దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన చూపు తప్పించుకోలేదు. కర్ర కూడా వదల్లేదు.

"వచ్చినవా నాయినా," అన్నాడు భిక్షపతి. "జర ఇటు రా. చేతులు పడిపోతున్నయి."

"సార్, లోడింగు ఎక్కడ?" అని అడిగాడు ఆటో అతను. "నాకు ఇంకో కిరాయి ఉన్నది."

కృష్ణకాంత్ భుజం మీది తాడు దించాడు. చీటీ పీకేశాడు. చుట్టలో చేయి పెట్టి కొస వెతికాడు. ఒక పక్క రేకు దించిన ఆటో. మరో పక్క భిక్షపతి చేతుల్లో వణుకుతున్న కర్ర. ఊడదీసిన మగ్గాన్ని ఆటోలో కట్టడానికే ఆ తాడు కొన్నాడని రోజారమణికి తెలుసు.

కొస దొరికింది. అతను తల ఎత్తాడు.

ఆమెకు తెలియకుండానే చేయి ఆగిపోయింది.

"కుంచె ఆపకు రోజా," అంది శారదమ్మ, కొడుకు వైపు చూడకుండానే. "ఇంకా తడిగున్నది."